రెండో అడుగు

నా భయాలన్నిటిలోకీ పెద్దది ఇదీ — నేను గదిలోకి వచ్చినా నా బిడ్డకు తెలియకపోవడం.

మిగతా భయాలు లేవని కాదు. మెట్లంటే భయం, వేడినీళ్ళంటే భయం, పిల్ల గొంతులో ఏదైనా అడ్డం పడుతుందేమోనని భయం. భయపడే పోటీ పెడితే కప్పు నీకేనే అంటాడు మా ఆయన. కానీ అవన్నీ వచ్చి పోయే భయాలు. ఇది మాత్రం పొద్దున్నే నాతోపాటే లేస్తుంది. నాతోపాటే తల దువ్వుకుంటుంది.

పీట మీద స్టీలు గ్లాసు.

గ్లాసులో నీళ్ళు.

నీళ్ళ మీద చిన్న వణుకు.

ఆ వణుకు చూస్తే చాలు — ఆమె వస్తోందని తెలిసిపోయేది.

ధబ్… తప్.

ధబ్… తప్.

ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. మా వరండా చెక్కది, మా గది నేల కూడా చెక్కదే. అవే చెక్కలు ఆ చివరి గదిలో మొదలై, మా గడప కింద నుంచి దూరి, నా పాప పడుకునే చాప దాకా వస్తాయి. ఆమె అక్కడ కాలు మోపితే ఇక్కడ నీళ్ళు ఉలిక్కిపడతాయి.

నా పాప తల ఎత్తుతుంది.

తలుపు ఇంకా తెరుచుకోదు. మనిషి ఇంకా కనిపించదు. అయినా నవ్వుతుంది — పైన రెండు పళ్ళు, కింద రెండు పళ్ళు, బుగ్గ మీద సొట్ట, అన్నీ బయటపెట్టి.

పది నెలల పిల్ల. అలాంటి నవ్వు నా కోసం ఎప్పుడూ రాలేదు. నన్ను చూశాక నవ్వుతుంది, అది వేరు. నేను రాకముందే నవ్వడం… అది ఆమె ఒక్కదానికే.

నేను తల్లిని. చూస్తూ నిలబడేదాన్ని.

*

ఆమెను అందరూ కాజాలక్క అంటారు. దర్జీ దగ్గర నుంచి వచ్చే చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు వేస్తుంది. యాభై దాటింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. పుట్టినప్పటి నుంచీ ఒక కాలు పొట్టి. ఆ కాలికి నాలుగు వేళ్ళ మందాన చెక్క అడుగు వేసిన నల్ల బూటు. ఆ బూటుదే ఆ ధబ్.

నేను లాండ్రీలో పనిచేస్తాను. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు. పొద్దున వెళ్తూ పాపను ఆమె ఒడిలో పెట్టేదాన్ని. సాయంత్రం వచ్చి తీసుకునేదాన్ని.

పెట్టేటప్పుడు ఏడ్చేది కాదు.

తీసుకునేటప్పుడు ఏడ్చేది.

ఇంటికి వచ్చేటప్పుడు మెట్ల కిందే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేదాన్ని. పాప పుట్టిన కొత్తలో నిద్రపోయేది కాదు. పిల్ల ఉన్న ఇంట్లో పిల్లిలా నడవాలని మా అత్తగారు అన్నారు. నేర్చుకున్నాను. ఏ చెక్క కిర్రుమంటుందో, ఏది మాట్లాడదో కాళ్ళకు తెలిసిపోయింది. మునివేళ్ళ మీద వచ్చి, మునివేళ్ళ మీద తలుపు తీసి, వెనక నుంచి మెల్లగా పిలిచేదాన్ని — చిట్టితల్లీ…

తిరిగేది కాదు.

బంగారుతల్లీ…

గుడ్డబొమ్మ చెవి నములుతూ కూర్చునేది. నా గొంతు ఆ పిల్లకు గోడ మీద నీడ.

మా ఆయన నవ్వేసేవాడు. ఆయన రొట్టెల వ్యాను నడుపుతాడు, దేనికైనా ముందు నవ్వుతాడు. మా నాన్న కూడా మూడుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు, వంశం పోలిక వచ్చింది అన్నాడు.

నేను మాత్రం వేరే అనుకున్నాను. పిల్లకు నేను అక్కర్లేదు అనుకున్నాను.

ఆమె వస్తే తిరుగుతుంది. నేను పిలిస్తే తిరగదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

*

సాక్ష్యం అంటే గుర్తొచ్చింది.

ఆదివారం ప్రార్థనలో కాజాలక్క లేచి సాక్ష్యం చెప్పేది. ప్రభువు నాతో మాట్లాడాడు అనేది. ఒక వారం తమ్ముడి జబ్బు గురించి మాట్లాడాడట. ఒక వారం పోయిన సూది ఎక్కడుందో చెప్పాడట… సూది! నేను పది నెలలుగా ఒక్క మాట కోసం మోకాళ్ళు అరగదీసుకుంటుంటే, ఆమెకు సూది వెతికిపెట్టే తీరిక ఉంది ఆయనకు.

నా చదువు ఏడో తరగతిలో ఆగింది. అమ్మ మంచాన పడితే పుస్తకాల సంచి మేకుకు తగిలించాను, మళ్ళీ దించలేదు. వాక్యం చదవాలంటే ఇప్పటికీ వేలు పెట్టుకుని చదువుతాను. చదువుకున్నవాళ్ళతోనే మాట్లాడతాడేమో అనుకునేదాన్ని. కానీ ఆమెకు సంతకం కూడా రాదు.

బిడ్డా ఆమెదే. దేవుడూ ఆమెవాడే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. అక్కా, ఆయన గొంతు ఎలా ఉంటుంది?

ఆమె దారం కొరికి నవ్వింది.

“గొంతేం లేదే పిచ్చిదానా. నాకెప్పుడు వినబడింది గనక? లోపల ఏదో కదుల్తుంది, అంతే. దాన్ని ఏమనాలో తెలీక మాట్లాడాడంటాను.”

నమ్మలేదు. దాచుకుంటోంది అనుకున్నాను. మంచి వంట ఎలా చేశావని అడిగితే ఒక దినుసు చెప్పకుండా దాచుకుంటారే, అలాగ.

ఆ ఆదివారం పాస్టరు గారు ఇద్దరు శిష్యుల సంగతి చెప్పారు. సిలువ అయిపోయాక, అంతా అయోమయమై, ఊరి దారి పట్టిన ఇద్దరు. ఆయనే వచ్చి పక్కన నడిచాడట. దారి పొడుగునా మాట్లాడాడట. అయినా గుర్తుపట్టలేదట. చివరికి రొట్టె విరిచినప్పుడు… ఆ చేతులు చూశాక తెలిసిందట.

అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. పాప కాజాలక్క ఒడిలో ఉంది. ఆమె బూటు నేలకు తడుతోంది, మెల్లగా, పాటకు తాళంలా. పాప కాళ్ళు ఊపుతోంది, ఆ తాళానికే.

నా కళ్ళు ఆ బూటును కాల్చేస్తున్నాయి.

*

ప్రార్థన అయ్యాక వరండాలో నన్ను ఆపింది. పాప టోపీ ముడి విప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

“అమ్మాయీ, కోప్పడకు. మొన్న కుక్కరు కూత వేసింది. పాప పక్కనే ఉంది. రెప్ప కూడా ఆడించలేదు. రెండ్రోజులుగా ప్రభువు నా మనసులో అదే పెడుతున్నాడు… చెవుల డాక్టరుకి ఒకసారి చూపించు.”

నాలో ఏం తెగిందో తెలియదు. పది నెలలుగా బిగించి పట్టుకున్నది ఏదో ఒకేసారి తెగింది.

“నా బిడ్డకి లోపం ఉందని నీకు చెప్పాడా? నాకు చెప్పడం చేతకాలేదా ఆయనకి? నువ్వొస్తే తల తిప్పుతుందే, మరి చెవుడెక్కడిది? నీకు ఎవరూ లేరని నా బిడ్డ మీద పడ్డావు.”

గట్టిగా అరవలేదు. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్నది ఎక్కువ దూరం పోతుంది.

ఆమె వేలికి దారం చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

“సరేలే,” అంది. టోపీ నా భుజం మీద వేసి, వెళ్ళిపోయింది.

ధబ్… తప్. ధబ్… తప్.

పాప నా చంకలోంచి ఒంగి ఆ అడుగుల వైపు చేతులు చాపింది.

*

సోమవారం లాండ్రీకి వెళ్ళలేదు. పిల్లకు జ్వరం అని కబురు పెట్టాను. లేని జ్వరం. తలుపు వేసుకుని, పాపను నా ముందే కూర్చోబెట్టుకున్నాను. నాది నాది నాది… అనుకున్నాను.

గ్లాసులో నీళ్ళు కదలలేదు.

మంగళవారం తలుపు తీశాను, చెత్తబుట్ట బయట పెడదామని. కాజాలక్క మా గుమ్మం దాటుతోంది.

చేతిలో బూటు.

పొట్టికాలు నేలకు అందక, ఆ కాలి మునివేళ్ళ మీద, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ. చప్పుడు లేదు. దొంగలా లేదు — దీపం ఆరిపోతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచేవాళ్ళలా ఉంది.

నన్ను చూసి ఆగింది.

“పాప లేస్తుందని…” అంది.

అది కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. తన అడుగు వింటే పాప తలుపు వైపు చూస్తుంది. నేను చూడలేను. అందుకని, తన రాకను తనే దాచేసుకుంటోంది. నా బిడ్డ నాకే మిగలాలని.

అప్పుడు నాకేమనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

గెలిచాను అనిపించింది.

తలుపు వేసేశాను.

బుధవారం పాప నవ్వలేదు. చెంప నేలకు ఆనించి పడుకుంది. చాప వదిలేసి, వట్టి చెక్క మీద. ఎత్తి చాప మీద వేశాను. మళ్ళీ పాకి, చెక్క మీదకే వెళ్ళింది.

నీళ్ళు కదలలేదు.

*

గురువారం. ఎండ కిటికీ దాకా వచ్చింది.

ధబ్.

ఒక్కటే. పెద్దది. మెట్ల వైపు నుంచి.

గ్లాసులో నీళ్ళు అంచు దాకా లేచాయి. ఒక వలయం, దాని లోపల ఇంకొకటి, దాని లోపల ఇంకొకటి…

పాప తల ఎత్తింది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది. పళ్ళు, సొట్ట, అన్నీ.

ఆగింది. రెండో అడుగు కోసం.

నేనూ ఆగాను.

రెండో అడుగు రాలేదు.

కావాలని చేస్తోంది అనుకున్నాను. పిల్లను పిలవడానికి కాలు గట్టిగా వేసింది అనుకున్నాను. మెట్ల మీద మాటలు వినిపించాయి. కింద అట్టపెట్టెల దుకాణం, వాళ్ళు సరుకు దించుతున్నారు అనుకున్నాను. అనుకోవడానికి ఎన్ని దొరుకుతాయో, తలుపు తీయకుండా ఉండాలంటే.

పాప ఎదురుచూసింది. నవ్వు మెల్లగా సన్నబడింది. చెంప మళ్ళీ చెక్కకు ఆనించింది. చిన్న అరచేయి చాపి నేల మీద పెట్టింది. ఏదో తడుముతున్నట్టు…

ఆ అరచేయిని చూశాను.

చాలాసేపు చూశాను.

లాండ్రీలో యంత్రాల హోరు. గొంతు చించుకున్నా పక్కమనిషికి వినబడదు. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. మడతల బల్ల మీద పిడికిలితో రెండుసార్లు కొడతారు. ఆ దెబ్బ బల్లలోంచి పాకి నీ మోచేతికి వస్తుంది. తల ఎత్తుతావు. ఎవరో నిన్ను పిలిచారు.

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. దుప్పటి పైకెత్తితే అవతలి మనిషి మొహం కనిపించదు. మాట వినిపించదు. గుడ్డలోంచి ఒక లాగుడు వస్తుంది, అంతే. ఉంది, అవతల మనిషి ఉంది అని చేతులకు తెలుస్తుంది. నువ్వు కూడా లాగుతావు.

ఐదేళ్ళుగా అదే పని చేస్తున్నాను. రోజూ. ఇంటికి వచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని, గాలిలా నడిచి, వెనక నుంచి మెల్లగా పిలిచాను. పిల్ల తిరగలేదని ఏడ్చాను.

లేచాను. పాప వీపు నా వైపు ఉంది.

మడమ ఎత్తాను. నేల మీద వేశాను. బలం కొద్దీ.

నీళ్ళు వణికాయి.

నా పాప వెనక్కి తిరిగింది.

నా వైపు. నన్ను చూడకముందే… తిరిగింది. నవ్వు ముందు, చూపు తర్వాత.

మళ్ళీ వేశాను. గదికి ఆ మూల నుంచి వేశాను. తిరిగింది. ఈ మూల నుంచి. తిరిగింది. పిచ్చిదానిలా గది అంతా గంతులు వేశాను. కింద అట్టపెట్టెల ఆయన కర్రతో మా నేలను కింద నుంచి పొడిచాడు, ఏమ్మా కొంప కూల్చేస్తావా అని. ఆ పోటుకు కూడా పాప పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే పిలిచాను — చిట్టితల్లీ…

అటు తిరిగి ఉంది. తిరగలేదు.

మళ్ళీ పిలిచాను. అరిచాను.

తిరగలేదు.

అప్పుడు రెండూ ఒకేసారి తెలిశాయి. నా బిడ్డకు నేను అక్కర్లేక కాదు.

నా బిడ్డకు వినబడదు.

ఒక చేతిలో పండు, ఇంకో చేతిలో నిప్పు పెట్టినట్టు. ఏది వదలాలి? ఏ చెయ్యి ముందు ముడుచుకోవాలి? నేల మీద కూలబడ్డాను. పాప పాకి వచ్చి నా మోకాలి మీద అరచేయి పెట్టింది. వెక్కిళ్ళు వస్తుంటే నా ఒళ్ళు కదులుతోంది. ఆ కదలడాన్ని చేత్తో పట్టుకుని చూస్తోంది.

అప్పుడు నాకు ఏ స్వరమూ వినబడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. కిటికీలోంచి గాలి వచ్చింది, కిటికీలోంచి గాలి ఎప్పుడూ వస్తుంది. ఒక్కటే అనుకున్నాను — పది నెలలు గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. నా కింద నేల కదులుతూనే ఉంది. ఎవరో నడుస్తూనే ఉన్నారు. రోజూ ఎవరో నా బిడ్డను ఎత్తుకున్నారు, గంజి చల్లార్చి పట్టారు, కూత వినబడలేదని గమనించారు, చెప్పడానికి భయపడుతూ చెప్పారు.

నేను మొహం కోసం చూశాను. చేతులు చూడలేదు.

ఈ మాట ఒక్క మనిషికే చెప్పాలనిపించింది. లోకం మొత్తంలో ఒక్క మనిషికే.

పాపను చంకనేసుకుని పరిగెత్తాను. గట్టి అడుగులతో. వరండా అంతా దడదడలాడించుకుంటూ.

చివరి గదికి తాళం.

గుమ్మం ముందు బూటు. ఒక్కటే. పక్కకు ఒరిగి.

*

అట్టపెట్టెల ఆయన చెప్పాడు.

గురువారం గురువారం ఆమె తమ్ముడు వస్తాడు, కుట్టిన చొక్కాలు దర్జీకి చేర్చడానికి. ఇవాళ కూడా వచ్చాడు. ఆమె చొక్కాల మూట ఒక చేత్తో, బూటు ఇంకో చేత్తో పట్టుకుని దిగుతోంది. పై మెట్టు మీదే పడింది. లేవలేకపోయింది. తమ్ముడు గదికి తాళం వేసి, బండి పిలిచి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద పడిపోయిన బూటును ఈయనే తెచ్చి ఆమె గుమ్మం ముందు పెట్టాడు.

“బూటు ఉండి కాలికి ఎందుకు వేసుకోలేదో నాకర్థం కాలేదమ్మా,” అన్నాడు. “నీ తలుపు కొట్టబోయాను. ఆవిడే వద్దంది. పాప పడుకుని ఉంటుంది అంది.”

 

ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆమె పడిన దెబ్బ చెక్కల్లోంచి పాకి వచ్చి నా పాప చెంపను తాకితే — అక్క వస్తోంది అనుకుని నవ్వింది చూడండి, ఆ నవ్వు.

తమ్ముడి ఇల్లు ఎవరికీ తెలియదు. రెండు బస్సులు మారాలని మాత్రం తెలుసు. దర్జీకి తెలియదు. ఆ తర్వాతి గురువారం ఎవరూ రాలేదు. పాస్టరు గారు కనుక్కుంటానన్నారు. ఆదివారం ఆమె కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. నేను లేచాను సాక్ష్యం చెబుదామని. కాలితో నేలను తట్టాను, ఒకసారి. ఎవరికీ అర్థం కాలేదు. పాపకు అర్థమైంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పాప నిద్రపోయాక తలకు తీగలు అంటించారు. రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఎంత వినబడుతుందో, అసలు వినబడుతుందో లేదో అప్పుడు చెబుతారట. వచ్చే దారిలో మా ఆయన పాపను గుండెకు ఆనించుకుని పాట పాడుతూనే ఉన్నాడు. ఎందుకండీ అన్నాను. వినబడకపోతే ఏం, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఉంది కదా అన్నాడు. మొదటిసారి నవ్వకుండా అన్నాడు.

నేనిప్పుడు మడమలతో నడుస్తాను. చెప్పులు వేసుకునే మెట్లెక్కుతాను. నేను వస్తే నా పాపకు తెలుస్తుంది. తల ఎత్తుతుంది, నవ్వుతుంది. అడిగింది దొరికింది.

అసూయ పోయిందా అంటే పోలేదు.

నిన్న ఆ బూటు తెచ్చుకున్నాను. తుడిచాను. ఒక కాలికి వేసుకున్నాను, వదులుగా ఉంది. వరండా ఆ చివర నుంచి నడిచాను.

ధబ్… తప్. ధబ్… తప్.

తలుపు తీసేసరికి పాప మోకాళ్ళ మీద లేచి ఉంది. రెండు చేతులూ చాచి ఉంది. ఆ నవ్వు… పూర్తిగా ఆ నవ్వు.

నన్ను చూసింది.

నవ్వు పోలేదు. కానీ నా భుజం పక్క నుంచి, నా వెనక్కి చూసింది. తలుపు వైపు. చాలాసేపు.

నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

మీలో ఎవరింటి పక్కనైనా, ఎవరి మేడ మీదైనా ఈమధ్య ఒక అక్క వచ్చి ఉంటే — యాభై దాటినావిడ, వేళ్ళ కొసల నిండా సూదిపోట్లు, ఒక కాలు పొట్టి — ఆమె కాలు ఎలా ఉందో చూడండి. బూటు నా దగ్గర భద్రంగా ఉందని చెప్పండి. మిగతాది చెప్పక్కర్లేదు, నేను చెప్పుకుంటాను. వెళ్ళేటప్పుడు మెల్లగా వెళ్ళకండి. కాస్త గట్టిగా అడుగు వేయండి. తలుపు తెరవకముందే, ఎవరో తన కోసం వస్తున్నారని ఆమెకు తెలియాలి.

పీట మీద గ్లాసు నిండుగా ఉంది.

నీళ్ళు కదలడం లేదు.

పాప చూస్తోంది…

ఒక్కసారి వెళ్ళి చూడండి.